ఆకాశం కింది ఇటుకలు

మా ఆయన పోయిన నక్షత్రం మంచిది కాదని, ఇల్లు ఆరు నెలలు మూసేయాలని పెద్దవాళ్ళు చెప్పారు. సరేనన్నాను. ఆ రోజుల్లో ఎవరేం చెప్పినా సరేననే అన్నాను. గుమ్మానికి ముళ్ళకంప అడ్డం పెట్టించి, నేను పాఠాలు చెప్పే బడి ఉన్న ఊళ్ళోనే ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఏడిస్తే బరువు దిగుతుందన్నారు. బరువంటూ ఉంటే కదా దిగడానికి. నాకు ఏమీ అనిపించలేదు.

ఆయనకు నౌపడ దగ్గర చిన్న ఇటుకబట్టీ ఉండేది. ఇటుక అచ్చు అడుగున మా ఇద్దరి పేర్ల మొదటి అక్షరాలు చెక్కించారు. గోడలో పెట్టాక ఎవరికీ కనపడని దానికి ఈ సింగారం ఎందుకండీ అని ఎగతాళి చేశాను. "కనపడక్కర్లేదులేవే. ఉంటే సాలు" అన్నారు.

ఆ ఇటుకలతోనే దాబా మీద నాకోసం ఒక గది మొదలుపెట్టారు. ఉప్పుమళ్ళు చూసుకుంటూ, గాలికి కూర్చుని పేపర్లు దిద్దుకోవచ్చని. సిమెంటు లేకుండా ఇటుకల మధ్య మట్టి పెట్టి కట్టిన గోడ నడుమెత్తు లేచేసరికి ఆయన పోయారు. ఇల్లు తెరవగానే మేస్త్రిని పిలిచి ఆ గది పూర్తి చేయించాలి, నాకు మిగిలింది అదొక్కటే అనుకున్నాను. ఉత్సాహంతో కాదు, వేళకు మందు వేసుకున్నట్టు రోజూ అనుకున్నాను.

ఆ నెలల్లోనే బడిలో బాబిలోన్ పాఠం వచ్చింది. చిన్నప్పుడు నేను మిషన్ బడిలో చదువుకున్నాను. ఆ బాబిలోన్‌లోనే మనుషులు ఇటుకలు కాల్చి ఆకాశాన్నంటే గోపురం కట్టబోతే, దేవుడు వాళ్ళ భాషలు కలగాపులగం చేసిన కథ అక్కడ విన్నదే. గోపురం కూలిపోయిందనే ఇన్నేళ్ళూ అనుకున్నాను. బైబిలు తెప్పించుకుని చూస్తే కూలినట్టు ఎక్కడా లేదు. కట్టడం మానేశారు, అంతే. తవ్వకాలు జరిపినవాళ్ళు చెప్పేది ఇంకా చప్పగా ఉంటుంది. ఆ గోపురం ఉండేదనుకునే చోట ఇప్పుడు మిగిలింది నలుచదరపు గొయ్యి, అందులో నీళ్ళు, రెల్లు. లోపలి దిమ్మ పచ్చి ఇటుకది, పైతొడుగు కాల్చిన ఇటుకది. రాజు పేరు అచ్చు వేసిన ఆ కాల్చిన ఇటుకల్ని చుట్టుపక్కలవాళ్ళు తరతరాలుగా మోసుకుపోయి ఇళ్ళు కట్టుకున్నారట. ఇది చెబితే పిల్లలు మొహాలు వేలాడేశారు. పిడుగు పడి ఉంటే బాగుండేదన్నారు.

గడువు తీరాక వెళ్ళి, ముళ్ళకంప లాగి తాళం తీశాను. లోపల అన్నీ ఉన్నాయి. ఆయన చెప్పులు, ఇత్తడి బిందెలు, చిలక్కొయ్యకు లాంతరు. దాబా ఎక్కాను. గోడ లేదు. అది ఉన్నచోట చుట్టూ మట్టి చారలు మాత్రం ముగ్గు వేసినట్టు మిగిలాయి. కోపం రావాలి కదా అని కాసేపు నిలబడ్డాను. రాలేదు.

నన్ను చూసి ఎదురింటి అత్త తనే వచ్చింది. అడగకముందే చెప్పేసింది.

"ఇంట్లోది గరిటైనా ముట్టలేదు కోడలా. దోసం కదా. దాబా మీద ఇటుకలంటే ఆకాసం కిందున్నవి. వాటికి దోసమేటుంతాది? ఈదంతా తలో కాసిని అట్టుకెళ్ళినాం. మా పిల్లకి పురుడొచ్చింది, తానాల గట్టేసినాను. రా, సూద్దువుగాని."

దొంగతనం కూడా శాస్త్రం చూసుకుని చేశారు మావాళ్ళు. వెళ్ళాను.

పెరట్లో కొబ్బరిచెట్టు కింద ఇటుకలు వరసగా పరిచి ఉన్నాయి. సిమెంటు పూయలేదు. అచ్చు వైపు పైకే ఉంది. ప్రతి ఇటుక మీదా మా అక్షరాలు, తడిసి, ఎర్రగా. అత్త ఆ గట్టు మీద కూర్చుని, కాళ్ళు చాపుకుని, మనవరాలిని కాళ్ళ మీద బోర్లా వేసుకుంది. చెంబుతో వేన్నీళ్ళు తీసి, పొయ్యబోతూ ఆగింది.

"కావాలంటే తీసిచ్చెస్తాం. మీదన గది లేపుతావేటి?"

"లేపనత్తా. ఉంచుకోండి" అన్నాను. ఆయన పోయాక ఎవరితోనైనా నేను కాదన్న మొదటి మాట అది.

గట్టు పక్కన నేల మీద కూలబడ్డాను. పాపాయి వీపు మీంచి జారిన నీళ్ళు మా అక్షరాల్లో నిండి, పొర్లి, నా పాదాల దాకా వచ్చాయి. వెచ్చగా ఉన్నాయి. అప్పుడొచ్చింది ఏడుపు. అత్త ఏడవమనీ అనలేదు, వద్దనీ అనలేదు. పాపాయికి నీళ్ళు పోస్తూనే ఉంది.