బాపు చిగుళ్ల మీది నీలిగీత

పోయిన వారం కళ్లజోడు బాగుచేయించుకుందామని చార్మినార్ వైపు వెళ్లి తిరిగి వస్తూ, శాలిబండలో పాత కట్టె సామాన్లు అమ్మే ఒక దుకాణం ముందు ఆగిపోయాను. విరిగిన కుర్చీలూ, రంగు పోయిన తలుపులూ గోడకు ఆనించిన చోట నా ఛాతీ ఎత్తు బీరువా ఒకటి ఉంది. దానికి అరలు లేవు, అన్నీ చిన్న చిన్న సొరుగులే. ప్రతి సొరుగుకూ ఇత్తడి పిడి, పిడిపైన పేరు రాసిన చీటీ దూర్చుకునే చట్రం. ఎవరో హకీం గారి మందుల పెట్టె అని దుకాణదారు చెప్పాడు. నేను ఒక సొరుగు లాగి చూస్తే అడుగున పొడుగూతా ఇనుప చువ్వ కనబడింది. మందుల పెట్టెకు చువ్వ ఎందుకుంటుంది? అది గ్రంథాలయంలో పుస్తకాల పేర్లు రాసిన కార్డులు జారిపోకుండా గుచ్చి ఉంచే చువ్వ. సొరుగు మీద చేయి వేసి ఎంతసేపు నిలబడ్డానో, అతను పాపం ఒక స్టూలు తెచ్చి వేసి "కూసో చాచా, ఎండకు కండ్లు తిరుగుతున్నయేమో" అన్నాడు.

నా ఈడువారికి అటువంటి సొరుగులు గుర్తుండే ఉంటాయి. మాకు గౌలిపురాలో రెండు గదుల ఇల్లు ఉండేది. మా తాతలది పాల వ్యాపారం. నేను బాపు అని పిలిచే మా నాన్న ఒక్కడే బర్రెలను అన్నలకు వదిలేసి, చిన్ననాటి దోస్తు పెట్టిన తెలుగు అచ్చాఫీసులో చేరిపోయాడు. అరిగిపోయిన అక్షరాలను కరిగించి, ఆ సీసాన్ని అచ్చుల్లో పోసి కొత్త అక్షరాలు తీయడం ఆయన పని. ఊరంతా ఉర్దూలో చదివి ఉర్దూలో రాసుకునే ఆ కాలంలో తెలుగు అక్షరాలు పోసే చేయి చుట్టుపక్కల ఆయనదొక్కటేనని అమ్మ గొప్పగా చెప్పేది. బాపుకు మాత్రం గొప్పలు చెప్పుకోవడం రాదు. పనిలో రెండు చేతులూ తీరిక లేనప్పుడు వత్తుల, దీర్ఘాల సీసపు ముక్కలను పెదవుల మధ్య పట్టుకోవడం ఆయనకు అలవాటు, అందుకే పనివేళ ఎవరు పలకరించినా తలే ఊపేవాడు.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో నేను యూనివర్సిటీలో బి.ఏ.లో చేరాను. మా ఇంటి నుంచి అంత దూరం చదువుకు వెళ్లినవాళ్లలో నేనే మొదటివాణ్ణి. ఇంట్లో తెలుగు, బజారులో దక్కనీ, తరగతిలో ఉర్దూ, పెద్ద పుస్తకాల్లో ఇంగ్లీషు. మా చరిత్ర ప్రొఫెసరు గారు మొదటి ఏడాదే నగరంలోని చేతిపనుల గురించి ఒక వ్యాసం రాయమన్నారు, సొంత మాట ఒక్కటి రాస్తే దానికి ఆధారం చూపాలన్నారు. ఆధారం అంటే ఏమిటో నాకు తెలియదు. గ్రంథాలయానికి పోయి, అలమారాల మధ్య నడుస్తూ పుస్తకాల వీపుల మీద పేర్లు చదువుకుంటూ వారం రోజులు గడిపాను. అడగడానికి సిగ్గు, అడిగితే నవ్వుతారని భయం, రోజూ సాయంత్రం ఉత్త చేతులతో సైకిలెక్కి ఇంటికి రావడం.

ఆ వారం చివర నన్ను చేయి పట్టుకుని బీరువా ముందుకు తీసుకుపోయినవారు అక్కడ కార్డులు రాసే పెద్దాయన. తెల్లని గడ్డం, మోచేతుల దగ్గర మాసిన షేర్వానీ, ఉర్దూ తప్ప మాట్లాడరు, అందరినీ మియా అనే పిలుస్తారు. రచయిత పేరుతో వెతకడం వేరు, విషయంతో వెతకడం వేరని ఆయనే చెప్పారు. పుస్తకాన్ని ముందు నుంచి కాదు వెనుక నుంచి తెరవాలని, అక్కడుండే పదాల పట్టికే పుస్తకానికి తాళంచెవి అని, అచ్చయిన సంవత్సరం చూడకుండా ఏ మాటనూ నమ్మరాదని, ఒక మాట రెండు పుస్తకాల్లో విడివిడిగా కనబడేదాకా దాన్ని నిజమనుకోరాదని, దొరికినదాన్ని చీటీ మీద పుట సంఖ్యతో సహా రాసుకోవాలని నేర్పారు. నా వ్యాసానికి ప్రొఫెసరు గారు మంచి మార్కులే వేశారు. ఇక లోకంలో నేను కనుక్కోలేనిది ఏదీ లేదనిపించింది. పందొమ్మిదేళ్ల వయసు, అంత గర్వం సహజమే కదా.

అప్పటికే బాపుకు కడుపునొప్పి మొదలై చాలా రోజులైంది. ఉన్నట్టుండి మెలిపెట్టినట్టు వచ్చేది, గోడకు వీపు ఆనించి, మోకాళ్లు పొట్టకు అదుముకుని కూర్చునేవాడు. ముఖం పాలిపోయింది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే ఇనుము నాకినట్టున్నదని పక్కకు నెట్టేవాడు. హకీం గారు వేడి అన్నారు, వైద్యుడు వాతం అన్నాడు, అమ్మ దిష్టి అని ఎర్రమిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేసింది. ఎవరి మందూ పని చేయలేదు. నాకు చేతిలో విద్య ఉంది కదా, నేనే వెతుకుతాననుకున్నాను.

వెతికాను. వైద్యం సొరుగు తెరిచి కడుపు, నొప్పి, అజీర్ణం అంటూ ఒక్కొక్క కార్డూ తిప్పి, ఇంగ్లీషు పుస్తకాలు ముందు వేసుకుని, పక్కన నిఘంటువు పెట్టుకుని చదివాను. చదివిన ప్రతి రోగమూ బాపుదే అనిపించేది. సోమవారం కురుపు అనుకుంటే గురువారానికి రాయి అనుకునేవాణ్ణి. చీటీలు సంచి నిండా పోగయ్యాయి, బాపు మాత్రం చిక్కిపోతున్నాడు. ఐదు నెలలు గడిచాయి. అంత పెద్ద భవనం, అన్ని వేల పుస్తకాలు, వాటి మధ్య ఎక్కడో ఒక పుటలో మా బాపు ఉన్నాడని తెలుసు, ఆ పుట ఎక్కడో తెలియదు. ఒకరోజు మధ్యాహ్నం చదువుతూ చదువుతూ బల్ల మీద తల పెట్టి ఏడ్చేశాను.

కార్డుల పెద్దాయన వచ్చి ఎదురుగా కూర్చుని, బాపు సంగతి విని, నా చీటీలన్నీ ఓపికగా చూశారు. తరువాత ఆయన ఉర్దూలో అన్న మాట నాకు తెలుగులో ఇట్లా గుర్తుండిపోయింది: "మియా, నొప్పిని ఎందుకు వెతుకుతున్నావు? నొప్పి అందరికీ వస్తుంది. నొప్పి వచ్చిన మనిషిని వెతుకు. మీ వాలిద్ సాహెబ్ ఏం పని చేస్తారు?"

బాపు ఏం పని చేస్తాడన్న ప్రశ్న ఐదు నెలల్లో నేను ఒక్కసారీ వేసుకోలేదు. ఆయనే లేచి వైద్యం సొరుగు మూసి, కార్ఖానాలూ పనివారూ అన్న సొరుగు తెరిచారు. పనుల వల్ల వచ్చే రోగాల మీద ఒక పుస్తకం ఉంది. వెనుక పట్టికలో సీసం అన్న మాట వెతికి పుట తిప్పాను. కడుపు మెలిపెట్టడం, పాలిపోవడం, నోట్లో లోహపు రుచి, అచ్చాఫీసు పనివారు, అక్షరాలు పోసేవారు, అన్నీ వరుసగా ఉన్నాయి. చిగుళ్ల అంచున నీలిగీత ఉంటుందని ఉంది. తరువాత దశలో మణికట్లు వాలిపోతాయని, చేతులు ఎత్తలేరని ఉంది. రెండో పుస్తకంలో చూసుకోవాలన్న నియమం గుర్తొచ్చి అదీ చూశాను. కాకూడదని కోరుకుంటూ చూశాను. అందులోనూ అదే ఉంది.

ఇంటికి వచ్చేసరికి బాపు వాకిట్లో కాళ్లు కడుక్కుంటున్నాడు. నోరు తెరవమన్నాను. ఎందుకురా అని నవ్వుతూనే తెరిచాడు. కింది పెదవి వేలితో వంచి చూశాను. పళ్ల మొదట్లో, చిగుళ్ల అంచు వెంట, సిరాలో ముంచిన దారం పెట్టినట్టు సన్నని గీత. నేను వెతికినది దొరికింది. అంతకంటే చెడ్డ రోజు నా జీవితంలో మరొకటి లేదు.

చీటీలు పట్టుకుని సర్కారు దవాఖానకు పోతే డాక్టరు గారు శ్రద్ధగా చదివి, బాపును చూసి, నేను రాసుకున్నది నిజమేనన్నారు. మందు కంటే ముందు ఆ పని మానిపించాలన్నారు. అదే మాట ఇంటికొచ్చి బాపు ముందు కూర్చుని చెప్పాను. పుస్తకంలో ఉన్నదంతా తెలుగు చేసి చెప్పాను. బాపు చాలాసేపు విని, నా తల నిమిరాడు.

"ముప్పై ఏండ్ల సంది అన్నం పెడుతున్నది బిడ్డా. అన్నం పెట్టేది ఇసమెట్లయితది?"

నేను చదువు మానేసి పనిలో చేరతానన్నాను. ఆ ఒక్క మాటకే ఆయనకు కోపం వచ్చింది. "నువ్వు సదువు ఇడిసినంక నేను పని ఇడిసి ఏం లాభం? గిట్ల మల్ల అనకు" అన్నాడు. అప్పుడు అచ్చాఫీసులో బడిపిల్లల తెలుగు వాచకం కోసం పూర్తి అక్షరాల పోత నడుస్తున్నది. అది అయిపోగానే చూద్దామన్నాడు.

పుస్తకంలో చిన్న చిన్న జాగ్రత్తలు రాసి ఉంటే వాటినే పట్టుకున్నాను. అక్షరాలు పెదవుల మధ్య పెట్టుకోవద్దన్నాను, తినే ముందు సబ్బుతో గోళ్ల దాకా కడుక్కోమన్నాను, పోతగదికి ఒక కిటికీ తీయించమని బాపు దోస్తును బతిమాలాను. ఆయన మంచివాడు, వారంలో గోడ పగలగొట్టించాడు. పెదనాన్నల ఇంటి నుంచి రోజూ పాలు తెచ్చేవాణ్ణి. బాపు అన్నీ చేశాడు, నమ్మి కాదు, నా ముఖం చూడలేక చేశాడు. నేను ఎదురుగా నిలబడితే చిన్నపిల్లవాడిలా చేతులు చూపించేవాడు. చూపించిన ప్రతిసారీ ఆ వేళ్లు కిందటి సారి కంటే కొంచెం వాలి ఉండేవి. నేను చదివిన పుట నా కళ్ల ముందే వరుస తప్పకుండా జరుగుతూ పోయింది. తరువాత ఏమవుతుందో తెలిసి కూడా రోజూ తరగతికి పోయి కూర్చునేవాణ్ణి.

వాచకం పోత ముగియలేదు. ఒకరోజు పట్టపగలే బాపు ఇంటికి వచ్చాడు. అమ్మ మంచినీళ్ల గ్లాసు అందిస్తే చేయి చాపాడు, మణికట్టు దగ్గర చేయి వేలాడిపోయింది, గ్లాసు జారి పడింది. ముగ్గురమూ ఆ గ్లాసు వైపే చూశాం. "మిగిలినయి ఎవలు పోస్తరో ఏమో, ఇంకా గుణింతం కాలే" అన్నాడు బాపు.

ఆ పని మానిన తరువాత కడుపునొప్పి తగ్గింది, ముఖానికి రంగు వచ్చింది, చేతులు మాత్రం తిరిగి రాలేదు. మరో తొమ్మిదేళ్లు బతికాడు. అమ్మ ముద్దలు కలిపి తినిపించేది. నేను బి.ఏ. ముగించి బడిలో పంతులుగా చేరాను, సాయంత్రాలు ఆయన పక్కన కూర్చుని పుటలు తిప్పితే ఆయన చదువుకునేవాడు. ఆ వాచకాన్ని చివరకు ఎవరో పూర్తి చేశారు. ఒక ప్రతి తెచ్చి చూపిస్తే కథలూ పద్యాలూ వదిలేసి అక్షరాలనే చూస్తూ, ఇది నేను పోసిందే, ఇది కాదు అని గడ్డంతో చూపించాడు. ఒక 'ణ' దగ్గర ఆగి, దాని తోక కొంచెం వంకర పోయిందని, ఆ రోజు చేయి వణికిందని నొచ్చుకున్నాడు. నాకైతే ఏ వంకరా కనబడలేదు.

ఇప్పుడు సీసం కరిగించే అచ్చాఫీసులు లేవు. మా మనుమలు ఏదైనా తెలుసుకోవాలంటే ఐదు నెలలు కాదు, ఐదు నిమిషాలు కూడా ఆగరు, అదీ మంచిదే. నాకు ఐదు నిమిషాల్లో తెలిసి ఉంటే బాపు చేతులు నిలిచేవేమోనని ఎన్నో ఏళ్లు అనుకున్నాను. ఇప్పుడు అంత గట్టిగా అనుకోలేను, తెలిసిన తరువాత కూడా నేను చేయగలిగింది ఎంతో చూశాను కనుక. పాత పుస్తకాల్లో పుటను వేలితో నిమిరితే అక్షరం తగిలేది, సీసం కాగితాన్ని నొక్కిన చోట సన్నని గుంట ఉండేది. ఇప్పటి పుస్తకాలు నున్నగా ఉంటాయి. ఆ నునుపు వెనుక ఎవరి చేయీ వాలిపోలేదని తెలుసు, అందుకు సంతోషమే. అయినా కొత్త పుస్తకం ఏది చేతికొచ్చినా, చదవడానికి ముందు నా వేలు పుట మీద ఒకసారి అట్లా పోయి, ఏమీ తగలక వెనక్కి వస్తుంది.