అత్త తీసిన పాయలు

నా తలలో సోరియాసిస్‌కు డాక్టరు ఇచ్చిన లోషన్‌ను మొదటిరోజు మా అత్త ఆముదంలా అరచేతిలో ఒంపుకుని మాడుకు అంటబోయింది. నాకు ఒళ్లు మండింది.

"అది నూనె కాదత్తా! పొలుసులుండే చోటే చుక్కలు పెట్టాల. కండ్లలోకి కారకూడదు."

ఆమె చేయి కడుక్కొచ్చి, పేలు చూసినట్టు పాయలు తీసి, మచ్చ మచ్చకూ చుక్క వేసింది. రోజూ మధ్యాహ్నం ఆ వేళ్ల కింద నా కళ్లు మూతపడేవి. కిటికీలో తిరుమల కొండ మబ్బులా కరిగిపోయేది.

పొలుసులు తగ్గాక డాక్టరు మందు ఆపమన్నాడు. మరునాడు మధ్యాహ్నం అలవాటుగా వెళ్లి ఆమె మోకాళ్ల దగ్గర కూర్చున్నాను. గుర్తొచ్చి లేవబోయాను.

"మందు ఆపేసినాం గదత్తా."

"ఉత్త చేతులక్కూడా డాక్టరు చీటీ రాయాల్నా? కండ్లు మూసుకో" అంది.