తలకిందులైన రాతిముక్క

మా బాబాయిని ఇంట్లో అందరూ బాణాల బాబాయి అంటారు. ఆయన ఉద్యోగం అలాంటిది. భూమిలోంచి డ్రిల్లింగ్ చేసి తీసిన రాతి కడ్డీలను వరసగా పెట్టెల్లో సర్ది, ప్రతి ముక్క మీదా పైవైపు ఎటో బాణం గీయాలి. పొరల్ని చదివే జియాలజిస్టుకి ఆ బాణమే ఆధారం. ఇల్లు మారినప్పుడు బీరువాకీ గీశాడు మహానుభావుడు.

ఒకరోజు ఒక పెట్టె చేజారింది. ఒక ముక్క మీద బాణం ఉన్న చోట పెచ్చు ఊడిపోయింది. కంగారులో దాన్ని తలకిందులుగా పెట్టి కొత్త బాణం గీసేశాడు. నీళ్ళలో ముతక ఇసుక ముందు దిగుతుంది, మెత్తనిది తర్వాత. అందుకే పొరలో ముతక కింద ఉండాలి. ఆ ముక్కలో పైనుంది. అది చూసి జియాలజిస్టు మేడం, అక్కడ పొరలు మడతపడి తిరగబడ్డాయని రిపోర్టు రాసింది.

"ముక్కే తిరగేసి పెట్టారేమో మేడం" అన్నాడు ఆవిడ కింద పనిచేసే జూనియర్.

"ఆయన పెట్టెలో తప్పా? నీకు చేతకాక ఆయన మీదకి తోస్తున్నావా?" అని అందరిముందూ కడిగేసింది. ఆ నెలలోనే అతను ఉద్యోగం మానేశాడు.

"అతనలా అన్నప్పుడే నాకు పెట్టె పడిన సంగతి గుర్తొచ్చింది. నోరు పెగల్లేదు" అంటాడు బాబాయి. వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

రిటైరయ్యే రోజు, కనీసం ఆ ముక్కనైనా సరిచేద్దామని పెట్టె తెరిచాడు. ముక్క సరిగ్గానే ఉంది. ఆయన బాణం కొట్టేసి, ఇంకొకటి గీసి ఉంది. పక్కన మేడం సంతకం, తేదీ. జూనియర్ వెళ్ళిపోయిన వారానికే.

"ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళు ఆవిడా నేనూ ఒకే బల్ల దగ్గర టీ తాగాం. ఒక్కరోజు కూడా ఇద్దరం అతని ఊసెత్తలేదు."