మిరపబస్తాల నడుమ బైబిలు బడి

పోయిన వారం మార్కాపురం నుంచి ఒక లెక్చరర్ ఫోన్ చేశాడు. ఆ ప్రాంతపు పాత కట్టడాల మీద ఏదో పుస్తకం వేస్తున్నారట. "ఊరి బయట పాత బైబిలు బడి బిల్డింగు ఉంది గదమ్మా, మీరు దాంట్లో ఉన్నారని చెప్పినారు. దాని చరిత్ర కావాల" అన్నాడు. ఎవరు కట్టించారు, పునాదిరాయి ఎవరు వేశారు, ఎందుకు మూశారు అని వరసగా అడిగాడు. గదులు ఆరు అని మాత్రం చెప్పగలిగాను. "నేనక్కడ చదువుకోలేదు నాయనా, ఒక ఏడాది కాపురమున్నా, అంతే" అన్నాను. అతను నిరాశపడి కూడా మర్యాదగా నమస్కారం చెప్పి ఫోన్ పెట్టేశాడు. పెట్టేశాక గాని, చెప్పవలసినదేదో నాకు గుర్తుకు రాలేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి రెండు మూడేళ్ళయి ఉంటుంది. మేమింకా కర్నూలు జిల్లా వాళ్ళమే. ఇరవై ఏళ్ళకే నాకు మార్కాపురంలో ఎలిమెంటరీ స్కూలు టీచరుగా ఉద్యోగం వచ్చింది. పెళ్ళికాని క్రైస్తవుల పిల్లకు ఊళ్ళో ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు దొరకలేదు. మా నాయన నన్నూ నా ట్రంకుపెట్టెనూ తీసుకొచ్చి, ఆ బైబిలు బడిలో ఉంటున్న తన అక్క దగ్గర దింపి గిద్దలూరు వెళ్ళిపోయాడు. అత్తకు చిన్న వయసులోనే భర్త పోతే, మిషన్ దొరసాని చేరదీసి చదివించిందట. పల్లెల ఆడవాళ్ళకు అక్షరాలూ, బైబిలు చదవడమూ నేర్పి తిరిగి వాళ్ళ పల్లెలకే పంపే బడి అది. ఒకప్పుడు నలభై మంది ఉండేవారు. దొరసాని తన దేశం వెళ్ళిపోయాక మిషన్ వాళ్ళు ఆ బడిని మరో ఊరి బడిలో కలిపేసి, అత్తను మాత్రం ఇల్లు చూస్తూ ఉండమని వదిలేశారు. నేను వెళ్ళేసరికి ఆమె ఒక్కతే అలా చూస్తూ మూడేళ్ళు గడిపింది.

ఆ ఇంట్లో నాకు మొదటి నుంచీ ఊపిరాడేది కాదు. మనుషులు లేని ఆరు గదులనూ అత్త రోజూ ఊడ్చేది. నలభై మందికి వండిన వంటింట్లో పెద్ద పెద్ద గుండిగలు గోడవారన బోర్లించి ఉంటే, ఒక మూల పొయ్యి మీద మా ఇద్దరి కొర్రన్నం ఉడికేది. నలభై మందికి అలవాటుపడిన చెయ్యి గనక పులుసులో ఉప్పు ఒక రోజు ఎక్కువ, ఒక రోజు అసలే లేదు. "ఇద్దరికి వండడం నాకెవరూ నేర్పలేదమ్మీ" అని నవ్వేది. సాయంత్రాలు వరండాలో కూచుంటే నల్లమల వైపు నుంచి గాలి తప్ప ఎవరూ వచ్చేవారు కారు. అత్త తన విద్యార్థినుల పేర్లు, పల్లెలు, ఎవరికి ఏ అక్షరం నోరు తిరిగేది కాదో చెబుతుండేది. నేను ఊకొడుతూనే మనసులో సెలవులు లెక్కపెట్టుకునేదాన్ని. మూడో నెలలోనే ఆమెకు చెప్పకుండా ట్రాన్స్‌ఫర్‌కు అర్జీ పెట్టాను.

దీపావళి వెళ్ళాక ఒక మధ్యాహ్నం ఒకామె గేటు దగ్గర నిలబడింది. ముప్పై ఏళ్ళుంటాయి. చంకలో బట్టల మూట, మూటలో బైబిలు. ముండ్లమూరు దగ్గరి పల్లె నుంచి పొదిలి దాకా కొంత బండి మీద, కొంత నడిచి, అక్కడ బస్సెక్కి వచ్చిందట. ఆమె భర్త కూలికి పోతూనే, ఆదివారం పల్లెవాళ్ళకు బైబిలు వాక్యం చదివి వినిపించేవాడట. అతను చనిపోయి ఏడాదయింది. పల్లెలో మరెవరికీ చదువు రాదు. "ఆదివారం అందరూ వచ్చి కూసుంటారమ్మా. పాటలు పాడుకుంటారు, పుస్తకం వంక చూసి లేసిపోతారు. నేను నేర్చుకుందామని వచ్చినా" అంది. బడి మూతపడిన సంగతి ఆమెకు తెలియదు. నేను చెప్పబోయాను. అత్త నా చెయ్యి పట్టుకుని ఆపి, "కాళ్ళు కడుక్కో అమ్మా, అన్నం తిందువు గాని" అంది.

ఆ మర్నాడే నడిమి గదిలో చాప పరిచి, పలక తెచ్చి 'అ' దిద్దించింది. కలుపు తీసి బండబారిన ఆ వేళ్ళ మధ్య బలపాలు పుటుక్కున విరిగిపోయేవి. నేను ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. రోజులో సగం అక్క చేదబావి దగ్గరో పెరట్లోనో ఏదో పని చేస్తూనే గుణింతం వల్లించేది. సంక్రాంతి దాటేసరికి ఒత్తుల దాకా వచ్చింది. అత్త కూరలో ఉప్పు సరిగ్గా పడడమూ అప్పుడే మొదలైంది.

మాఘమాసంలో ఒక శెట్టిగారు వచ్చాడు, పొదిలిలో మిరపకాయల వ్యాపారం ఆయనది. మిషన్ వాళ్ళు ఆ ఇల్లు గోడౌనుకు ఆయనకిచ్చారు. ఆ కబురు అత్తకు వారం ముందే ఉత్తరంలో వచ్చిందనీ, పెట్టెలో చీరల కింద పెట్టేసిందనీ నాకు తరవాత తెలిసింది. శెట్టిగారు గదులు చూసుకుంటూ వచ్చి చాప దగ్గర ఆగిపోయాడు.

"ఏందమ్మా ఇది? ఖాళీగా ఉందని రాసిచ్చినారు మీవాళ్ళు. చూస్తే బడి నడుస్తాంది!"

"ఒక్క మనిషే శెట్టిగారూ. ఒత్తులు అయిపోవచ్చినయి. ఇంక రెండు మూడు నెలలుంటే సొంతంగా చదువుకుంటది."

"ఒక్క మనిషికి ఆరు గదులా?" అని ఆయన అక్క వైపు తిరిగి, "ఏదీ, ఏమొచ్చిందో చూద్దాం" అంటూ చేతిలో ఉన్న మిషన్ వాళ్ళ కాగితమే ఇచ్చాడు. అత్త అందుకోబోయింది గాని, అప్పటికే అక్క దాన్ని నేల మీద పరిచి వేలు పెట్టింది. "స...దరు... భవ...నము... పాఠ...శాల... నిమి..." దగ్గర ఆగి, అత్త ముఖం వంక చూసి, "నిమిత్తము" అంది. "శెబాష్!" అంది అత్త, ఆ కాగితం ఏమిటో మరిచిపోయి. అక్క ఉత్సాహంగా మిగతాది లాగింది. "ఇక... అవ...సరము... లేదు."

అక్క తలెత్తి మా ముగ్గురినీ చూసింది. "సదివినా గాని తెలియలే. అవసరం లేదంటే ఏందమ్మా? నేనుండా గదా ఈడ?"

అత్త కిటికీ వైపు తిరిగింది. శెట్టిగారు కాగితం తీసుకుని మడతపెట్టి, చాలాసేపు పైకప్పు దూలాలు పరీక్షిస్తున్నట్టు నిలబడ్డాడు. చివరికి, "కాయ ఐదు గదుల్లో సర్దుకుంటాలే. వెనక గది మీరు పెట్టుకోండి" అని వెళ్ళిపోయాడు.

పది రోజుల్లో ఇల్లంతా బస్తాలు నిండాయి. ఆ ఘాటు కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగేది కాదు. బైబిలు మొదట్లో ఉండే ఆరు రోజుల సృష్టి కథ మాకు తుమ్ములతో నెల రోజులు పట్టింది. కళ్ళ నీళ్ళు కారుస్తూనే అక్క చదివేది, అత్త దిద్దేది, నేను వాకిట్లో నిలబడి దగ్గేదాన్ని. ఈస్టరు ముందు ఒక రోజు ఆమె ఎక్కడా ఆగకుండా ఒక పేజీ చదివింది. రెండో పేజీ కూడా చదివింది. అత్త పుస్తకం మూసి, "ఇంక పో తల్లీ, ఆదివారానికి అందుకుంటావు" అంది. బస్సెక్కించి వచ్చిన సాయంత్రం ముగ్గురికి వండేసి, కుండ వంక చూస్తూ కూచుంది.

జూన్‌లో నా ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చింది. వద్దని రాస్తే ఆగిపోయేదే. నేను రాయలేదు. అత్తకు చెబితే, "పోమ్మా. నీ వయసుకు ఇది ఇల్లు గాదు" అని నా ట్రంకుపెట్టె తనే సర్దింది. బస్సు కదిలాక నాకు సంతోషమే వేసింది. అది ఇప్పుడు దాచి లాభం లేదు. ఆ బస్తాల వెనక గదిలో ఆమె ఇంకో రెండేళ్ళు ఒంటరిగా ఉంది. శెట్టిగారు ఏనాడూ ఖాళీ చెయ్యమనలేదట. జ్వరం పడితే మా నాయన గిద్దలూరు తెచ్చుకున్నాడు, అక్కడే పోయింది. పోయేముందు నేను చూడడానికి వెళితే నన్ను గుర్తుపట్టలేదు, ఎవరి పేరుతోనో పిలిచి ఎక్కడిదాకా చదివావని అడిగింది.

చాలా ఏళ్ళకు ఒక ట్రైనింగులో ముండ్లమూరు వైపు మాస్టారు కలిస్తే అక్క గురించి అడిగాను. "ఆ ముసలామేనా? ఆదివారం ఆమే చదువుతాది, మధ్యలో ఎవరు దగ్గినా ఊరుకోదు" అన్నాడు. అంతకన్నా ఏమీ తెలియలేదు. లెక్చరరుకు ఫోన్ చేసి ఇదంతా చెబుదామనుకున్నాను గాని, అతనడిగిన సంవత్సరాలేవీ ఇందులో లేవు. ఎప్పుడైపోతుందా అని నేను రోజులు లెక్కపెట్టిన ఏడాది అది. ఇన్నేళ్ళ బతుకులో ఒక్క ఏడాది తిరిగిస్తామని ఎవరైనా అంటే, ఆలోచించకుండా దాన్నే అడుగుతాను.