రేకుల గదిలో రెండు సీసాలు

మా జువాలజీ మేడమ్ పోయారని కోచింగ్ సెంటర్ యజమాని ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను మధురానగర్ హాస్టల్లో పెట్టె సర్దుకుంటున్నాను. వేరే ఊళ్లో ఎమ్మెస్సీ జన్యుశాస్త్రంలో సీటు వచ్చింది. ఆ దరఖాస్తు మేడమే దగ్గరుండి పెట్టించారు. మధ్యాహ్నం క్లాసు చెప్పి, ఇంటికి వెళ్లి పడుకున్నారట, ఇక లేవలేదు. గుండె ఆగిందన్నారు. పంజాగుట్ట శ్మశానంలో బంధువులకంటే విద్యార్థులమే ఎక్కువ ఉన్నాం.

ఆమె క్లాసు అమీర్‌పేటలో ఒక భవనం పైన, రేకుల గదిలో జరిగేది. కింది అంతస్తుల్లో సాఫ్ట్‌వేర్ కోర్సులు, ఏసీలు. పైన మాది సర్కారు టీచర్ ఉద్యోగాల కోచింగ్. కిటికీ తెరిస్తే ఏసీలు వదిలే వేడి గాలి లోపలికి కొట్టేది, మూస్తే ఊపిరాడేది కాదు. మేడమ్ తడిపిన చేతిరుమాలు మెడ మీద వేసుకుని పాఠం చెప్పేవారు. మా ఇంట్లో అక్షరాలు నేర్చిన మొదటి మనిషిని నేను. అర్థం కాలేదని అడగడానికి సిగ్గుపడేదాన్ని. ఆమె అది కనిపెట్టి, నా బెంచీ పక్కన నిలబడి, అందరికీ చెబుతున్నట్టే అదే మాట మళ్లీ చెప్పేవారు.

ఒకసారి బోర్డు మీద, ఎండ పెరిగితే జంతువు తన జన్యువులను మార్చుకుంటుందని రాశాను.

"ఏంటమ్మా, మార్చుకోవడానికి అదేమన్నా చొక్కానా?" అన్నారు మేడమ్.

నెల తిరిగేసరికి రెండు సీసాలు తెచ్చారు. రెండింటిలోనూ మెత్తగా మాగిన అరటిపండు, దాని మీద పండు ఈగలు, మూతికి దూది. ఒక సీసాలో ఒకే జంట సంతతి. రెండో దానిలోవి ఎర్రగడ్డ రైతుబజారు నుంచి, ఖైరతాబాద్ పండ్ల బండ్ల దగ్గర నుంచి, పంజాగుట్ట జ్యూసు కొట్ల నుంచి పట్టి కలిపినవి.

యజమాని పైకొచ్చి మొత్తుకున్నాడు. "మేడమ్, ఇది క్లాసా, అరటిపండ్ల బండా? కింద ఏసీ రూములల్ల సుత ఈగలే!"

"ఫీజు కట్టకుండా కూర్చుంటున్నాయాండీ?" అన్నారామె.

ఎండలు ముదిరాక మొదటి సీసాలో ఈగల గుడ్ల నుంచి కొత్త పురుగు పుట్టలేదు.

"ఈగలు బతికే ఉన్నయి కద మేడమ్," అన్నాను.

"బతికే ఉన్నాయి. ఈ వేడికి పిల్లలు పుట్టడం ఆగిపోయింది. చచ్చేదాకా చూడక్కర్లేదమ్మా, అంతం ముందే మొదలవుతుంది."

రెండో సీసాలో మాత్రం కొన్ని పురుగులు కదిలాయి. కొన్ని వారాల్లో సీసా మళ్లీ నిండింది. "వీటికి ఎండ ఏమీ నేర్పలేదు," అన్నారు మేడమ్. "రకరకాల చోట్ల నుంచి వచ్చాయి కాబట్టి తట్టుకునే జన్యువులు కొన్నిటిలో ముందే ఉన్నాయి. వాటి పిల్లలే మిగిలాయి. ఈగకు రెండు వారాలు తిరక్కముందే కొత్త తరం. ఏనుగుకి అంత టైం ఎక్కడిది? చుట్టూ రోడ్లు పడి బయటి జంతువు రాలేని అడవి కూడా ఆ మొదటి సీసానే."

ఆ రోజు అందరూ వెళ్లాక అడిగాను. "మరి మీరు మేడమ్? గీ వేడిల ఎన్నేండ్లు చెప్తరు?"

భర్తకు జబ్బు చేస్తే పరిశోధన మధ్యలో వదిలి ఈ గదికి వచ్చారామె. ఆయన పోయాక కూడా ఇక్కడే ఉండిపోయారు.

"నేనొక్కదాన్ని. ఒక్క ప్రాణి మారదమ్మా. తట్టుకుంటుంది, లేదంటే వెళ్లిపోతుంది. నువ్వు వెళ్లిపో," అన్నారు.

శ్మశానం గేటు దగ్గర యజమాని నన్ను ఆపాడు. "పరీక్ష దగ్గరికొచ్చింది. మేడమ్ పాఠాలు నీకే ఎరుక. జర నువ్వు చెప్పమ్మా. జీతం మేడమ్‌కు ఇచ్చినంతే."

ఇంటికి ఫోన్ చేశాను. మోకాళ్లు పట్టేసి అయ్య కూలి మానేశాడు. చెల్లె ఇంకా బడిలో ఉంది. "బిడ్డా, దొరికిన నౌకరి ఇడువకు," అన్నాడు అయ్య. "సదువు యాడికి పోతది?" ఆ గొంతులో ప్రేమే ఉంది. అందుకే కాదనలేకపోయాను.

కాలేజీలో చేరడానికి ఆఖరి రోజున నేను రేకుల గదిలో ఉన్నాను. కరెంటు పోయి ఫ్యాన్లు ఆగాయి. ఎవరూ లేవలేదు. చెమటకు సుద్దముక్క వేళ్లలో జారుతోంది. వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి, "మేడమ్," అని పిలిచింది.

నేను తలుపు వైపు చూశాను. గుమ్మంలో ఎండ తప్ప ఎవరూ లేరు.