మా మేనత్తను చంపిన ప్రోగ్రాము

నర్సీపట్నంలో కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పుకునే రోజుల్లో నాకు డైరెక్టరీ సర్వర్ పిచ్చి పట్టింది. పెద్ద ఆఫీసుల్లో ఉద్యోగుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఎవరు ఏ విభాగమో దాచిపెట్టే సాఫ్ట్‌వేర్ అది. అది వస్తే విశాఖలో ఉద్యోగం ఖాయమని ఎవరో అన్నారు. నేర్చుకోవడానికి బోలెడు పేర్లు కావాలి. అవి మా చర్చి సభ్యుల పుస్తకంలో ఉన్నాయి. నర్సీపట్నం, కోటవురట్ల, రావికమతం సంఘాలు మూడింటికీ ఒకే పాస్టరుగారు కనుక, సర్వర్లో మూడు ఊళ్లకు చెట్టుకొమ్మల్లా మూడు విభాగాలు, మూడు కొమ్మలు కట్టి, మనిషికో ఎంట్రీ చొప్పున ఎక్కించాను. గోటితో పోయేదానికి గొడ్డలెందుకని అడిగేవాళ్లు మా సంఘంలో ఎవరూ లేకపోయారు.

పాస్టరుగారైతే మురిసిపోయారు. "ఎవరింట్లో ఏ మార్పొచ్చినా నాకు బేగి తెలవాలి బాబూ. వెళ్లి ప్రార్థన చేసొస్తాను" అన్నారు.

సరేనని, ఎంట్రీల్లో మార్పు రాగానే కబురు చెప్పే జావా లైబ్రరీ, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన కోడు, ఒకటి పట్టుకుని ప్రోగ్రాము రాశాను. ముందుగా నర్సీపట్నం కొమ్మకు మాత్రమే కాపలా పెట్టాను. ఎంట్రీ చేరితే చర్చి ఆఫీసు గదిలో ప్రింటర్ "కొత్త సభ్యులు" అని కొడుతుంది. దిద్దితే "వివరాలు మారాయి" అంటుంది. మరి ఎంట్రీ పోతే? పాత పుస్తకం తిరగేశాను. అందులో కొట్టేసిన పేర్లన్నీ చనిపోయినవాళ్లవే. ఊరు మారినవాళ్లను ఎవరూ కొట్టెయ్యలేదు, ఎప్పటికైనా తిరిగొస్తారని. అంచేత "ప్రభువునందు నిద్రించారు" అని పెట్టాను. ప్రింటరుకు తెలుగు అక్షరాలు రాక ఇంగ్లీషు అక్షరాల్లో.

నెల్లాళ్లు బ్రహ్మాండంగా నడిచింది. ఒకాయన ఫోన్ నంబరులో తప్పు అంకె దిద్దితే, పాస్టరుగారు వాళ్లింటికెళ్లి అరగంట ప్రార్థన చేశారు. దేని గురించో వాళ్లు అడగలేదు. టీ ఇచ్చి పంపారు.

ఈలోగా మా మేనత్తకు కోపం వచ్చింది. అమ్మానాన్న పోయాక నన్ను పెంచింది ఆవిడే. రిటైరైన టీచరు, చర్చిలో ముప్పై ఏళ్లుగా ముందు వరసలో నిలబడి పాట ఎత్తుకునే మనిషి. చర్చికి కొత్తగా కీబోర్డు కొన్నారు. అత్త గొంతుకి కీబోర్డు వినబడటం లేదని, అది వాయించే కుర్రాడి మాట మీద ఆవిణ్ని వెనక వరసకు పంపారు.

"ఒరే, నా పేరు ఇక్కణ్ణించి తీసి కోటవురట్లలో ఏసెయ్యి. సెల్లి ఉన్నాది. అక్కడైతే పాట ఎత్తేవాళ్లు లేక ఎదురు సూస్తన్నారు" అంది.

"కోపం తగ్గాక చూద్దాంలే అత్తా."

"నాకు కోపమేటి? నేను లేకపోతే ఇక్కడ ఎవడికైనా తెలుస్తాదేటి? అది సూద్దారని!"

గొంతు వణికింది. అత్త గొంతు వణకడం నేనెప్పుడూ వినలేదు. నాకు భయమేసి ఒప్పుకున్నాను. శుక్రవారం ఆవిడ సంచి సర్దుకుని చెల్లెలింటికి బస్సెక్కింది. నేను చర్చి ఆఫీసులో ఆవిడ ఎంట్రీని కోటవురట్ల కొమ్మకు మార్చి, ప్రింటర్ కూత విని, కాగితం చూడకుండానే ఇంటికెళ్లి తాళం పెట్టి ఉద్యోగం ఇంటర్వ్యూకని విశాఖ పరిగెత్తాను.

ఎంట్రీ కాపలా ఉన్న కొమ్మలోనే అటూఇటూ జరిగితే లైబ్రరీ "పేరు మారింది" అంటుంది. కొమ్మ దాటి పోతే "తీసేశారు" అంటుంది. ఆ సంగతి దాని పుస్తకంలో స్పష్టంగా రాసే ఉంది. ఆ పేజీ నేను చదవలేదు.

ఆదివారం పొద్దున్నే బస్సు దిగి తిన్నగా చర్చికెళ్లాను. నన్ను చూడగానే ఒకావిడ భుజం తట్టి కళ్లు తుడుచుకుంది. పాస్టరుగారు చెబుతున్నారు: "శనివారం కాగితం చూసి వెళ్తే ఇంటికి తాళం ఉంది. సంచితో కోటవురట్ల వెళ్లారని పక్కింటివాళ్లన్నారు. అక్కడే ఆ తల్లి ప్రభువునందు నిద్రించారు. మన తమ్ముడి కంప్యూటరు ద్వారా ముందుగా తెలిపిన దేవునికి స్తోత్రం!"

అందరూ నా వైపు తిరిగారు, జాలిగానూ గర్వంగానూ. లేచి చెబుదామనుకున్నాను. నా ప్రోగ్రాము పరువు గుర్తొచ్చి, తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఇంకో రెండు నిమిషాలాగి చెబుతాననుకుంటూనే పావుగంట గడిపాను.

ఈలోగా ఒక్కొక్కరూ లేస్తున్నారు. ఆవిడ చేత ఎక్కాలు నేర్చుకున్నానని ఒకాయన. కాన్పు రోజుల్లో నెలంతా కేరేజీ తెచ్చిందని ఒకావిడ. ఆఖరికి కీబోర్డు కుర్రాడు లేచి, "అమ్మగారు పాట ఎత్తకపోతే నాకు శ్రుతి దొరకదండి. గొప్పకోసం ఎనక్కి పంపేనండి" అని భోరుమన్నాడు.

"మరైతే ముందే సెప్పొచ్చు కదా!" అని వరండాలోంచి వినిపించింది.

గుమ్మంలో మా అత్త. కళ్లజోడు మర్చిపోయి తిరిగొచ్చిందట. కళ్లజోడు ముక్కు మీదే ఉంది. ఇద్దరు ఆడవాళ్లు కెవ్వుమన్నారు. పాస్టరుగారు బైబిలు జారవిడిచారు. ఆ గోలంతా సర్దుకున్నాక, అత్త నడుచుకుంటూ వెళ్లి ముందు వరసలో నిలబడి పాట ఎత్తుకుంది. కీబోర్డు మరి వినబడలేదు. నేను లేచి, తప్పు ప్రోగ్రాముదని అందరికీ వివరించాను.

ఇంటికి నడుస్తుంటే అత్త హుషారుగా ఉంది. ఎవరెవరు ఏమన్నారో ఒక్కొక్కటే చెప్పించుకుని, తను వరండాలో విన్నవి కలుపుకుంది. సందు మలుపులో ఆగింది.

"అందరూ ఏదో ఒకటి సెప్పేరు. నువ్వేటిరా, నోరు మెదపలేదు?"

"నువ్వు బతికే ఉన్నావని నాకు తెలుసు కదత్తా."

"తెలిసినోడివి అక్కడ నువ్వొక్కడివే కదరా" అంది మెల్లగా. "లేచి ఆ ముక్క సెప్పడానికేటి నాయినా?"