భద్రయ్య జేబులో పిన్ను

నా దుకాణానికి ఎదురుగానే భద్రయ్య షెడ్డు. జనగామ బస్టాండు వెనక సందులో నేను బండ్ల సామాన్లు అమ్ముతాను, అతను వాటిని బిగిస్తాడు. ముప్పై ఏళ్ల నుంచీ ఇదే వరస. పద్నాలుగేళ్ల వయసులో దేవరుప్పుల నుంచి వచ్చి పానా పట్టిన మనిషి. ఇంజనుకు స్క్రూడ్రైవరు ఆనించి, దాని పిడి చెవికి పెట్టుకుని, లోపల ఏం పాడైందో చెప్పేస్తాడు. చదువు మాత్రం బస్సు బోర్డు చదివేంతే. నాకు చదువుంది, పెద్ద నోరు కూడా ఉంది. ఆ నోరు చేసిన పనే ఇప్పుడు చెప్పబోతున్నాను.

పోయిన చలికాలం వరంగల్‌లో ఒక పుస్తకం కొన్నాను. రేసు కార్లు బాగుచేసిన ఒక విదేశీ మెకానిక్ ముసలితనంలో రాసుకున్న జ్ఞాపకాలు, తెలుగులోకి దించారు. ఆయన పేరు వింటేనే రేసులవాళ్లు లేచి నిలబడతారట. మధ్యాహ్నం గిరాకీ లేని వేళ నేను పైకి చదివేవాణ్ణి, భద్రయ్య స్టూలు మీద కూర్చుని వినేవాడు.

"గంటకు మూడు వందల కిలోమీటర్లా? గంత జల్ది ఎటు వోతరు సేటూ?"

"ఎటూ పోరయ్యా. తిరిగి తిరిగి మొదలువెట్టిన కాడికే వస్తరు."

"మరి ఇంట్లనే కూసుంటే అయిపోవు గద!"

ఇట్లా నవ్వేవాడు గానీ, పుస్తకంలో పని మాట వస్తే కదలకుండా వినేవాడు. ఆ ముసలాయన ప్రతి నట్టునూ బిగించాక వేలితో తాకి, దాని పేరు పైకి పలికేవాడట. "గట్లనే జెయ్యాలె," అని భద్రయ్య తల ఊపేవాడు.

ఒక శుక్రవారం మా ఇంటివాళ్లు కాళేశ్వరం బయలుదేరారు. నా భార్య సునంద, కూతురు కీర్తి, మరదళ్లు, వాళ్ల పిల్లలు, మొత్తం పదకొండు మంది. వ్యాను కిరాయికి తిప్పే ఉమేష్‌ది. స్టీరింగు ఊగుతోందని పొద్దున్నే భద్రయ్య దగ్గరికి తెచ్చాడు. చక్రాలను తిప్పే రాడ్డు రెండు కొసలూ అరిగిపోయాయి. కొత్తవి నేనే ఇచ్చాను, వాటితోపాటు రెండు కాటర్ పిన్నులు. నట్టు తిరిగి ఊడకుండా అడ్డంగా గుచ్చి, కాళ్లు విడదీసి వంచే సన్నటి పిన్ను అది.

కుడి పక్క అయిపోయింది. భద్రయ్య బండి కింద పడుకుని ఎడమ పక్క నట్టు తిప్పుతున్నాడు. నేను గడియారం చూశాను. పదీ ఇరవై. శుక్రవారం పదిన్నరకు రాహుకాలం. పెద్ద పని చేసిన బండికి మా దగ్గర చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, నాలుగడుగులు నడిపిస్తేనే పని అయినట్టు. రాహుకాలంలో నా పిల్ల గడప దాటడమా అని నాకు ఒకటే గుబులు.

"భద్రయ్యా, ముందుగాల నిమ్మకాయలు తొక్కియ్యి! మిగిలింది తర్వాత జూస్కో."

"జర ఆగు సేటూ. ఇంకో చుట్టు బిగియ్యాలె, పిన్ను వెట్టాలె..."

"పిన్ను ఏడికి వోతది? లే, బయటికి రా!"

వచ్చాడు పాపం. నిమ్మకాయలు చిట్లాయి, కొబ్బరికాయ పగిలింది. సునంద అందరికీ బొట్టు పెట్టి, అతని చేతిలో ఒక కొబ్బరి చిప్ప పెట్టింది. నిమ్మకాయలు తొక్కిన బండి కిందికి మళ్లీ ఎవరు దూరతారు? మా కళ్లకు పని ముగిసిపోయింది, అతని కళ్లకు కూడా. పదిన్నరకు రెండు నిమిషాల ముందే వ్యాను కదిలింది. ఏదో గెలిచినట్టు సంబరపడ్డాను నేను.

పన్నెండున్నరకు పరకాల నుంచి కీర్తి ఫోను చేసింది. పులిహోర తిన్నారట. "బాపూ, స్టీరింగు జర ఎడమకు గుంజుతుందని ఉమేషన్న అంటుండు."

"కొత్త సామాను గద బిడ్డా, సదురుకుంటది," అన్నాను. నా నోరు పడిపోను!

ఒంటిగంటన్నరకు పుస్తకం తెరిచాను. ముసలాయన ఇట్లా రాశాడు: "ఆ ఉదయం జెండా ఊపే వేళైందని అందరూ తొందరపడుతున్నారు. నేను పని ఆపి కారు కింద నుంచి లేచాను. మూడో మలుపులో మా కుర్రవాడు స్టీరింగు తిప్పాడు, చక్రం తిరగలేదు. అతణ్ణి తీసుకుపోయాక చేతులు తుడుచుకుందామని జేబులో చెయ్యి పెట్టాను. పిన్ను తగిలింది."

స్టూలు పడిన చప్పుడుకు తలెత్తాను. భద్రయ్య చెయ్యి తన ఖాకీ చొక్కా జేబులో ఉంది. మెల్లగా తీసి నా బల్ల మీద పెట్టాడు. కొత్త పిన్ను. కాళ్లు తిన్నగా ఉన్నాయి.

"సేటూ... గిది ఎడమ పక్కది."

ఫోను అందుకున్నాను. కీర్తికి చేశాను, కలవలేదు. సునందకు చేశాను, కలవలేదు. ఉమేష్ ఫోను మోగనే లేదు. భూపాలపల్లి దాటితే అడవి, సిగ్నలుండదు, ఎదురుగా బొగ్గు లారీలు. కీర్తి ఎప్పుడూ ముందు సీట్లోనే కూర్చుంటుంది. నేను భద్రయ్య మీద అరిచాను. అవును, అతని మీదే! "నా పిల్లను సంపుతవారా?"

అతను కళ్లు మూసుకుని గాలిలో వేళ్లు కదుపుతున్నాడు. "కుడి పక్క నట్టు, పిన్ను. ఎడమ పక్క నట్టు..." అక్కడ ఆగిపోతున్నాడు. మళ్లీ మొదటికి వస్తున్నాడు. హఠాత్తుగా కళ్లు తెరిచాడు.

"లచ్చయ్య! కాటారంల లచ్చయ్య ఉన్నడు!"

ఇదే షెడ్డులో అతనితోపాటు పని నేర్చుకున్నవాడు లచ్చయ్య. ఇప్పుడు కాటారం చౌరస్తాలో మెకానిక్. కాళేశ్వరం పోయే బండి అతని ముందు నుంచే పోవాలి. భద్రయ్య తన ఫోను తీసి కలిపాడు.

"లచ్చన్నా, తెల్ల వ్యాను, ముంగట అద్దానికి బంతిపూల దండ. రోడ్డుకు అడ్డం నిలబడు. ఏం అడగకు, ఆపు. ఎడమ పక్క నట్టు జూడు."

ఇక ఎదురుచూడటమే. వ్యాను అప్పటికే కాటారం దాటిపోయిందా? దాటకపోతే ఎక్కడుంది? ఎవరో బల్బు అడిగితే బెల్టు ఇచ్చాను. సందులో లారీ హారను మోగితే లేచి నిలబడ్డాను. కాళేశ్వరం దేవుడికి మొక్కుదామని చేతులు ఎత్తి దించేశాను. పిన్ను పెట్టనివ్వకుండా ముహూర్తం చూసినవాడి మొక్కు ఏ దేవుడు వింటాడు? భద్రయ్య గుమ్మంలోనే నిలబడ్డాడు, కూర్చోమంటే కూర్చోలేదు. నలభై నిమిషాలు ఇద్దరం బల్ల మీది ఆ పిన్నునే చూశాం.

ఫోను మోగింది. భద్రయ్య దాన్ని నా చేతికిచ్చాడు, నేను నొక్కాను.

"ఆపిన అన్నా. అందరు మంచిగున్నరు," అన్నాడు లచ్చయ్య. తర్వాత గొంతు తగ్గించాడు. "నట్టు రెండు చుట్ల మీద ఉండె. వేలితోని తిప్పితే ఊడొచ్చింది."

భద్రయ్య నేల మీద కూలబడి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

మర్నాడు ఉమేష్ వచ్చి రోడ్డు మీదే పట్టుకున్నాడు. "చాతకాకపోతే షెడ్డు మూస్కో కాకా! పదకొండు పాణాలు!"

"నాదే తప్పు బిడ్డా," అన్నాడు భద్రయ్య తల దించుకుని. నా వైపు చూడనైనా చూడలేదు. నేను దుకాణంలోనే నిలబడి ఉన్నాను. నా పెద్ద నోరు ఆ ఒక్కసారి తెరుచుకోలేదు.

మూడు రోజులు భద్రయ్య పుస్తకం వినడానికి రాలేదు. నాలుగో రోజు వచ్చి, "మిగిలింది సదువు సేటూ," అన్నాడు. చదివాను. "నన్ను తొందరపెట్టింది ఎవరని చాలామంది అడిగారు. చెప్పలేదు. పానా ఉన్నది నా చేతిలో."

"ఇంకోపారి సదువు," అన్నాడు. పుస్తకం మూసి పక్కన పెట్టాను.

తర్వాతి శుక్రవారం ఉమేష్ వ్యాను మళ్లీ వచ్చింది, బ్రేకుల పనికి. తిట్టినా అతనికి ఆ చెయ్యి మీద తప్ప నమ్మకం లేదు. పదీ పాతిక అయింది. "రాహుకాలం వస్తుంది కాకా," అన్నాడు ఉమేష్. భద్రయ్య బండి కింద నుంచి చెయ్యి చాపి నాలుగు నిమ్మకాయలు నాకిచ్చాడు.

"నేను చెప్పినంకనే పెట్టు సేటూ."

పదిన్నర దాటింది. పదకొండు దాటింది. నిమ్మకాయలు పట్టుకుని నిలబడ్డాను. బండి కింద నుంచి ఒక్కొక్క నట్టు పేరు వినిపిస్తోంది.

"మొన్న మరిచి, ఇయ్యాల గింత సేపా!" అని విసుక్కున్నాడు ఉమేష్.

"ఆయన మరువలేదు ఉమేష్," అన్నాను. "పిన్ను వెడతనంటుంటె లేపింది నేనే. రాహుకాలమని."

ఉమేష్ నా మొహంలోకి చూశాడు.  బండి కింద గొంతు ఆగిపోయింది. కాసేపటికి మళ్లీ వినిపించింది, మొదటి నట్టు నుంచి.